మెత్తబడిన మురీలు

ద్రవాహారం ఒంటికి చాలా మంచిదట. ఈ సంగతి నాకు ముప్పై ఒక్కమంది చెప్పారు. లెక్కలో తేడా లేదు. ఆ నాలుగు వారాలూ మంచం మీద పడుకుని లెక్కపెట్టడం తప్ప నాకు వేరే పనేమీ లేదు. ఎదురు చెబుదామంటే నోరు విప్పే వీల్లేదు. పైపళ్ళనీ కిందిపళ్ళనీ కలిపి డాక్టరుగారు తీగలతో బిగించేశారు.

స్కూటర్ మీంచి పడ్డాను. అదేమంత గొప్ప కథ కాదు, తప్పు నాదే. గడ్డం దగ్గర ఒకచోట, చెవి కింద ఇంకోచోట దవడ విరిగింది. గడ్డం దగ్గర టైటానియం ప్లేటు పెట్టి మరలు బిగించారు. చెవి కిందది దానంతటదే అతుక్కోవాలి, అందాకా దవడ కదలకూడదు, అందుకే తీగలు. తిండంటే ఇక సిరంజీయే. దానికి చిన్న గొట్టం తగిలించి, బుగ్గ పక్కనుంచి చివరి దంతం వెనక ఉన్న సందులోకి పోయడం. చోడి అంబలి, అంటే రాగి అంబలే, పప్పుకట్టు, పాలు, మళ్ళీ చోడి అంబలి. ఏడు కిలోలు తగ్గాను. అందుకు కూడా అందరూ నన్ను అభినందించారు.

పడేదేదో కాస్త ఆగి పడాల్సింది. సరిగ్గా దసరా ముందు పడ్డాను. విజయనగరంలో దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, అంటే పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర. ఆ వారం ఊళ్ళో ఏ ఇంట్లోనూ చాప పరవడానికి చోటుండదు. సిరిమానుకి వచ్చిన చుట్టాలు, ఎలాగూ వచ్చాం కదా అని నన్ను కూడా చూశారు. నిజానికి నన్ను చూడటమే సులువు. సిరిమాను కోసం జనంలో గంటల తరబడి నిలబడాలి. నేను ఫ్యాను కింద ఉన్నాను, పైగా కదలను.

సిరిమాను ముందురోజు, తొలేళ్ళనాటి సాయంత్రం మావయ్య ఏడుగురిని వెంటేసుకుని దిగాడు. చేతిలో గంటస్తంభం దగ్గర కట్టించిన మురీ మిక్చరు పొట్లాలు. తెలియని జిల్లాలవాళ్ళకి చెబుతున్నాను, మీరు మరమరాలనేవాటిని మేం మురీలంటాం. అందులో సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించిన వేరుశనగ పిక్కలు, మసాలా, నిమ్మరసం పడాలి. గిన్నెలో గరిటె టకటకలాడాలి. ఇది ప్రపంచంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన తిండి అని మావయ్యకి బాగా తెలుసు. అందుకే తెచ్చానన్నాడు.

"ఒక్కడివే ఉంటే బెంగపడిపోతావురా" అని ఎనిమిదిమందీ నా మంచం చుట్టూ కూర్చుని తిన్నారు. ఎనిమిది నోళ్ళు ఒక్కసారి మురీలు నమిలితే ఎలా ఉంటుందో మీరెప్పుడూ విని ఉండరు, ఎందుకంటే ఆ సమయంలో మీరూ తింటూ ఉంటారు. ఎండుటాకుల మీద ఏనుగు నడిచినట్టుంటుంది. మధ్యలో మావయ్య నోటినిండా పిక్కలతో సెలవిచ్చాడు: "నీకేటిరా అల్లుడూ, అదృష్టవంతుడివి. ఇదే అంబలి కోసం నేను డబ్బు కట్టి ప్రకృతి వైద్యానికి వెళ్ళాను. మెత్తగా తింటే ఒంటికి ఎంత మంచిదో తెలుసా?"

మంచం కోడుకి తాడుతో ఒక వైరు కట్టరు వేలాడుతూ ఉంటుంది. అది నా ప్రాణం. తీగలు బిగించిన నోటికి వాంతి వస్తే బయటికి పోయే దారి సరిగా ఉండదు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వెంటనే తీగలు కత్తిరించాలి, కట్టరు అరచేతి దూరంలో ఉండాలి అని డాక్టరుగారు మా ఆవిడ చేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నారు. మావయ్య దాన్ని చూసి ఇదెందుకన్నాడు. పలక మీద రాసి చూపించాను. పైకి చదివాడు, అందరికీ వివరించాడు, సైన్సు ఎంత ఎదిగిపోయిందోనని ఆశ్చర్యపోయాడు. పదినిమిషాల్లో కట్టరు మాయం. వాళ్ళ చిన్నల్లుడు మేడ మీద సీరియల్ లైట్లు కడుతున్నాడట, వైరు తెగడం లేదట. నేను పలక మీద "కట్టరు" అని రాశాను. కింద గీత గీశాను. మరో గీత గీశాను. "ఏటి మాట్లాడవేం, నొప్పా?" అంది పిన్ని. ఆ తరవాత నాలుగు గంటలు నా జీవిత ధ్యేయం ఒక్కటే, వాంతి చేసుకోకపోవడం. చుట్టూ ఉల్లిపాయల వాసన. రాత్రి ఎనిమిదింటికి కట్టరు తిరిగొచ్చింది. "పదును పోయింది, కొత్తది కొనుక్కో" అని సలహా కూడా వచ్చింది.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఒకటే. ద్రవాహారాన్ని పొగిడే ప్రతి పౌరుడికీ ఒక్క రోజు, పండగరోజే, పళ్ళకి తీగలు కట్టించాలి. ఖర్చు నేను భరిస్తాను. తీగ పెద్ద ఖరీదు కాదు.

నాలుగు వారాలకి తీగలు తీశారు. తీస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుందనుకున్నాను. చిటికెన వేలు కూడా దూరలేదు. ఇక ఐస్‌క్రీం పుల్లల వైద్యం మొదలైంది. పుల్లల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య దోపాలి, వీలైనప్పుడల్లా ఇంకొకటి చేర్చాలి. ఇంట్లో నా ఆరోగ్యాన్ని పుల్లల్లో చెప్పుకునేవారు. "ఈయన ఇవాళ ఆరు పుల్లలండీ" అని మా ఆవిడ పక్కింటావిడకి చెబుతుంటే ఏదో ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినట్టుండేది. ఆపైన మరో నాలుగు వారాలు మెత్తటి తిండి. మెదిపిన పప్పన్నం. పాలలో నానిన ఇడ్లీ. పూటపూటకీ అదే ముద్ద, చప్పుడు లేని ముద్ద.

ఒక రాత్రి కంచం తోసేశాను. "మనిషి తినే తిండేనా ఇది?" అని అరిచాను. పది పుల్లల నోటితో ఎంత అరవగలనో అంత అరిచాను.

ఎదురుగా పీట మీద అమ్మ అదే తింటోంది. అదే మెదిపిన పప్పన్నం. పదకొండేళ్ళుగా.

అమ్మకి డెబ్భై నాలుగు. పళ్ళన్నీ పోయి పదకొండేళ్ళయింది. నా దవడని చూడ్డానికి ముప్పై ఒక్కమంది వచ్చారు, ఆమె నోరు చూడ్డానికి ఒక్కడు రాలేదు. ఒకే ఒక్కసారి అడిగింది కట్టుడు పళ్ళ గురించి. "ఈ వయసులో పళ్ళెందుకమ్మా, మెత్తగా తింటే ఒంటికి మంచిదే కదా" అని ఒకడు చెప్పాడు. ఎవడో కాదు, నేనే. ఆ ఏడాదే ఇంట్లోకి గోడంత టీవీ వచ్చింది. మావయ్యని ఇంతసేపు తిట్టానే, ఆయన నాకా మాట చెప్పింది నాలుగు వారాల కష్టానికి. నేను చెప్పింది కన్నతల్లికి, పదకొండేళ్ళకి. సిగ్గులేని వెధవని. ఏటా పళ్ళెంలో జంతికలు పోసి, పిల్లలకి పంచమని ఆమె చేతికే ఇచ్చేవాళ్ళం. ఆమె పంచేది. తనకి ఉన్నాయో లేవో ఎవడు చూశాడు?

తొమ్మిదో వారంలో డాక్టరుగారు మురీలు తినొచ్చన్నారు, పిక్కలు మాత్రం ఇప్పుడే వద్దన్నారు. గంటస్తంభం దగ్గరికి వెళ్ళి పిక్కల్లేకుండా కట్టమంటే బండి అతను నన్ను ఎగాదిగా చూశాడు. సిరిమాను మీద పూజారి లేకుండా ఊరేగించమని అడిగానేమోనన్నట్టు. నిమ్మరసం, టమాటా వేరే కట్టించుకున్నాను. మురీలు దారిలోనే మెత్తబడితే ఇన్నాళ్ళ తపస్సు దేనికి?

ఇంట్లో కలిపి మొదటి పిడికెడు నోట్లో పోసుకున్నాను. ఆ కరకర చెవుల్లోంచి వినబడలేదు, ప్లేటు మీదుగా తలకాయలోకి నేరుగా వచ్చింది. పచ్చిమిర్చి మండింది. కళ్ళనీళ్ళు కారాయి, అవి మిర్చివే అని మా ఆవిడకి చెప్పాను. కింది పెదవికి ఇంకా తిమ్మిరి వదల్లేదు, దాని మీద నాలుగు మురీలు అంటుకున్నా తెలియలేదు. అమ్మ నవ్వి తుడిచింది. తరవాత తమలపాకులు దంచుకునే తన బుడితి ఇత్తడి రోలు తెచ్చుకుని, గుప్పెడు మిక్చరు వేసి టకటకా నాలుగు దెబ్బలు కొట్టి, వేలితో తీసి చప్పరించింది. "ఉప్పు తక్కువ" అంది. నిజమే, తక్కువే.

మర్నాడు పళ్ళ కొలతలకి తీసుకెళ్తానంటే "ఇప్పుడెందుకురా" అంటూనే, వాటితో పిక్కలు నమలొచ్చా అని రెండుసార్లు అడిగింది.

కబురు మావయ్యకి చేరింది. ఫోన్ చేశాడు. "అక్కకి ఇప్పుడు పళ్ళేటిరా? మెత్తగా తింటే ఒంటికి..."

అంతకు ముందురోజే డాక్టరుగారు నా నోరు కొలిచి పదహారు పుల్లలని రాశారు. మావయ్యకి జవాబు చెప్పేటప్పుడు కొలిచి ఉంటే పద్దెనిమిది వచ్చేది.