సొంత జట్టును తిట్టే హక్కు

“మనోళ్ళు ఎంతకి ఓడారండీ?”

హైదరాబాదు బస్సు దిగి, మొహం కూడా కడుక్కోకుండా అమలాపురంలో టీ కొట్టు ముందు నిలబడితే ఎదురైన మొదటి ప్రశ్న అది. గెలిచారా అని కాదు, ఎంతకి ఓడారని. “మూడు సున్నాండి” అన్నాను. “ఆయ్, పర్లేదండి, అయిదనుకున్నాం” అంటూ గ్లాసు చేతికిచ్చాడు. వెటకారానికి నొచ్చుకుంటే గోదావరి జిల్లాల్లో బతకలేం. టీ తాగేసి ఇంటికి పోయాను.

2024 సెప్టెంబరు 10 ఉదయం సంగతి ఇది. ముందురోజు రాత్రి గచ్చిబౌలిలో భారత్‌కీ సిరియాకీ ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్ మ్యాచ్. బుడమేరు ముంచిన విజయవాడ అప్పటికింకా బురద కడుక్కుంటోంది, ఊళ్ళలో చవితి పందిళ్ళు తీయలేదు. ఏడో నిమిషంలోనే మనకి గోలు పడింది. వెనక నిలబడ్డ మన డిఫెండర్లని చూస్తూ నేను నోరు కట్టేసుకోలేకపోయాను. కట్టు తెంపుకుని నారుమడిలో పడ్డ దూడని మా ఊళ్ళో ఏమంటారో అవన్నీ అన్నాను. ముందు వరసలో బుగ్గ మీద మూడు రంగులు వేయించుకున్న కుర్రాడొకడు వెనక్కి తిరిగి, “అంకుల్, మన ఇండియా టీమ్‌ని మనమే అలా తిడితే ఎలా?” అన్నాడు.

అప్పటికి నవ్వొచ్చింది. బస్సులో నిద్రపట్టక అదే మాట తిప్పితిప్పి ఆలోచిస్తే నవ్వు పోయింది. డబ్బు పెట్టి టికెట్టు కొని, రాత్రంతా నడుం విరగ్గొట్టుకుని వచ్చినవాడు తిట్టకపోతే ఇంకెవరు తిడతారు? ఫుట్‌బాల్ చూసేవాడికి ఇది మొదట అబ్బే విద్య. కోల్‌కతాలో మోహన్ బగాన్ అభిమాని ఓడిన రోజు సొంత కోచ్‌ని కడిగేస్తాడు, మరుసటి ఆదివారం మళ్ళీ అదే జెండా పట్టుకుని వస్తాడు. తిట్టినందుకు వాణ్ణి ఎవరూ అవతలి క్లబ్బు ఈస్ట్ బెంగాల్ మనిషనరు. మన దగ్గర ఈ వెసులుబాటు సినిమా అభిమానికి లేదు, పార్టీ కార్యకర్తకి లేదు, ఈమధ్య క్రికెట్ చూసేవాడికి కూడా లేకుండా పోతోంది.

సినిమాతోనే మొదలెడతాను, ఎందుకంటే మా డెల్టాలో అన్నీ అక్కడే మొదలవుతాయి. 2022 ఏప్రిల్లో ప్రభుత్వం రెండు గోదావరి జిల్లాలనీ ముక్కలు చేసింది. కోనసీమ వేరు, కాకినాడ వేరు, ఏలూరు వేరు. సినిమా వ్యాపారానికి మాత్రం ఇప్పటికీ ఉన్నవి రెండే: ఈస్ట్, వెస్ట్. “ఈస్ట్‌లో మొదటి రోజు షేర్ ఎంత?” అని పదో తరగతి కుర్రాడు అడుగుతాడు. వాడి నాన్న ధాన్యం బస్తా ఎంతకమ్మాడో వాడికి తెలీదు. సినిమా బాగుందా అని అడిగితే అనుమానంగా చూస్తాడు, ఏ హీరో మనిషివని. మొదటి సగం సాగిందని సొంత హీరో అభిమానే అన్నాడో, ఆ సాయంత్రానికి ఫోనులో గ్రూపు నుంచి తీసేస్తారు. ఫుట్‌బాల్లో పాయింట్ల పట్టిక ఉంటుంది, గోల్స్ ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. వసూళ్ళ పోస్టరు మీద అంకెని లెక్కపెట్టే దారి ఎవరికుంది? అయినా దాని కోసం కొట్టుకుంటారు.

ఇదే అభిమానం రాజకీయాల్లోకి అలాగే వచ్చిందని హైదరాబాదు స్టూడియోల్లో కూర్చున్నవాళ్ళు తేలిగ్గా తేల్చేస్తారు. ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికి ముఖ్యమంత్రి అయ్యారు కాబట్టి, తెలుగువాడు తెరనీ బ్యాలెట్‌నీ కలిపేసుకుంటాడని వాళ్ళ సిద్ధాంతం. మా డెల్టా లెక్కలు చూస్తే అది నిలబడదు. చిరంజీవిది మొగల్తూరు. 2009లో ఆయన పక్కనే ఉన్న పాలకొల్లులో నిలబడి కాంగ్రెస్ అభ్యర్థి చేతిలో ఓడిపోయారు, తిరుపతి ఆయన్ని గెలిపించింది. పదేళ్ళకి పవన్ కల్యాణ్ భీమవరంలో ఓడిపోయారు. ఆ ఎన్నికల్లో జనసేనకి రాష్ట్రం మొత్తంలో దక్కిన ఒకే ఒక్క సీటు మా కోనసీమలోని రాజోలు, గెలిచిన మనిషికి సినిమాతో సంబంధం లేదు. పాలకొల్లులో, భీమవరంలో అప్పుడు ఈలలేసినవాళ్ళు లేరా? ఉన్నారు. వాళ్ళలో చాలామంది శుక్రవారం ఈల వేసి, పోలింగ్ రోజు వేరే గుర్తు మీద నొక్కి, నోరు మూసుకుని ఇంటికి పోయారు. సొంత హీరోని తిట్టే హక్కు బయట లేదు కాబట్టి పోలింగ్ బూత్‌లో అట్ట చాటున వాడుకున్నారు.

2024 చూడండి. పోటీ చేసిన 21 చోట్లా జనసేన గెలిచింది, పిఠాపురంలో పవన్ కల్యాణ్‌కి 70 వేల పైచిలుకు మెజారిటీ. అభిమానులు దీన్ని హీరో తిరిగి లేచిన కథగా చెప్పుకుంటారు. బంతాట చూసేవాడి కంటికి అది ఫార్మేషన్ మారడం. 2019లో ఒక్క స్ట్రైకర్ ముందు నిలబడి బంతి కోసం చూశాడు, వెనక నుంచి అందించేవాడు లేడు. 2024లో తెలుగుదేశం మిడ్‌ఫీల్డ్, ఢిల్లీ నుంచి బీజేపీ దన్ను. అదే ఆటగాడు, అదే గోలు, ఈసారి బంతి కాలి దగ్గరికొచ్చింది. పొత్తు ధర్మం మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన. ఓటరు మాత్రం కటౌట్‌కి ఓటేయలేదు, జట్టుకి వేశాడు.

గచ్చిబౌలి స్టేడియం పేరు చూశారా? జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. మా అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకరు, 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి చనిపోయారు. ఆయన పేరున్న మైదానానికి ఆయన ఊళ్ళవాడు పోవాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాల్సిందే. ఆయన స్పీకరుగా ఉన్న రోజుల్లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం అమలాపురానికి ఇంకా రాలేదు. గౌతమిలో స్తంభాలు లేచాయి. ఎన్నికలప్పుడు అవి ప్రసంగాల్లోకి వస్తాయి, తర్వాత వాటి మీద కొంగలు వాలతాయి. ఢిల్లీలో వాజ్‌పేయి, మన్మోహన్, మోదీ అందరూ వచ్చారు. మా ఎంపీ ఏ పార్టీవాడైనా సరే, ఆ పార్టీవాడే లేచి “ఏమయ్యా, రైలేదీ?” అని బహిరంగ సభలో అరవడం నేను చూడలేదు. అవతలి పార్టీవాడు అరుస్తాడు. అది తేలిక.

ఆటల పెద్దరికం మీద కూడా నా గొడవ ఇదే. మన ఫుట్‌బాల్ సమాఖ్యకి సుమారు ఇరవై ఏళ్ళు కాంగ్రెస్ నాయకుడు ప్రియరంజన్ దాస్‌మున్షీ అధ్యక్షుడు. తర్వాత ఎన్సీపీ నాయకుడు ప్రఫుల్ పటేల్. పదవీకాలం దాటినా కదలకపోతే 2022 మేలో సుప్రీంకోర్టు తప్పించింది. ఆగస్టులో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన దేశాన్నే సస్పెండ్ చేసి పది రోజులకి ఎత్తేసింది. సెప్టెంబరు 2న ఎన్నిక పెట్టారు. ఒకవైపు దేశానికి దశాబ్దంన్నర ఆడిన భైచుంగ్ భూటియా, ఇంకోవైపు బెంగాల్ బీజేపీ నాయకుడు, ఒకప్పటి గోల్‌కీపరు కల్యాణ్ చౌబే. ఓట్లు 33–1. భూటియాకి వచ్చింది ఆ ఒకటి! మూడు పార్టీలు మారినా కుర్చీ రాజకీయం మారలేదు. 1996లో ఫిఫా పట్టికలో 94వ ర్యాంకులో ఉన్న జట్టు 2025 చివరికి 142కి జారింది.

క్రికెట్లో డబ్బుంది కాబట్టి ఇది కనపడదు. కాకినాడ కుర్రాడు హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు కాచుకుని టెస్టు నిలబెట్టాడు. అదే విహారి 2024 ఫిబ్రవరిలో, ఒక రాజకీయ నాయకుడి కొడుకైన ఆటగాణ్ణి కేకలేసినందుకు ఆంధ్ర కెప్టెన్సీ వదులుకోమన్నారని బయటపెట్టాడు. ఎన్నికల ముందు కదా, వెంటనే అది రెండు పార్టీల గొడవైపోయింది. ఆట గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే సంఘాలే సమాచార హక్కు కిందికి వస్తాయన్న సవరణతో క్రికెట్ బోర్డు పక్కకి తప్పుకుంది. లెక్క అడక్కుండా చప్పట్లు కొట్టమని దాని అర్థం.

ఆ మరుసటి నెలే ఆసియా కప్. దుబాయిలో పాకిస్తాన్ వాళ్ళతో మనవాళ్ళు చెయ్యి కలపలేదు. సెప్టెంబరు 28న ఫైనల్ గెలిచి, ఇచ్చే మనిషి పాకిస్తాన్ మంత్రి అని కప్పు తీసుకోలేదు. పహల్గాం తర్వాత ఆడకూడదనుకుంటే ఆడకపోవడం ఒక పద్ధతి, దాన్ని గౌరవిస్తాను. ఆడాలనుకుంటే ఆడి చెయ్యి కలిపి రావడం ఇంకో పద్ధతి. మూడు మ్యాచ్‌లు ఆడి, టీవీ డబ్బులు తీసుకుని, చెయ్యి మాత్రం వెనక్కి పెట్టుకోవడం నాకు మింగుడుపడలేదు. ఈ మాట ఊళ్ళో అంటే నన్ను అవతలి దేశానికి పొమ్మన్నవాళ్ళున్నారు. ఆ రోజుల్లోనే అమెరికా వేసిన 50 శాతం సుంకానికి మా వైపు రొయ్యల రైతు అల్లాడిపోతున్నాడు. మన రొయ్యకి పెద్ద బజారు అమెరికా. చెరువు గట్టు మీద కౌంటు రేటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్కన ధర) ఎంతని ఫోన్లు చేసుకుంటుంటే, ఇంట్లో టీవీ పొద్దస్తమానం చెయ్యి కలపాలా వద్దా అని అడిగింది.

మళ్ళీ ఒక్కసారి సినిమాకి వస్తాను. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు బడిపంతులు. ఆయన కోచ్‌గా ఉండగా 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం వచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. ఒంట్లో క్యాన్సరు పెట్టుకుని జకార్తాలో జట్టుని నడిపించి, మరుసటేడు పోయాడు. ఇంతకన్నా క్లైమాక్స్ ఏం కావాలి? ఆ కథ 2024లో హిందీలో సినిమాగా వచ్చి నిలవలేదు. మనవాళ్ళకి తట్టలేదు. కొత్త ఆట మన ప్రేక్షకుడికి ఎక్కదంటే ఒప్పుకోను, 2004లోనే రాజమౌళి రగ్బీ ఆడించి చూపించాడు. నా అనుమానం వేరు. రహీం కథలో మైదానంలో ఉండేది పదకొండుమంది, హీరో గీత బయట నిలబడాలి. మన స్క్రిప్టులో ఆ చోటు లేదు.

ఆ హైదరాబాదుకే 2019లో పుణె జట్టు పోయి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద షూటౌట్‌లో గోల్‌కీపరు కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపితే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. ఆ రాత్రి నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు పాము అనుకుని కర్ర పట్టుకొచ్చారు. తర్వాత జీతాల బకాయిలు, ఆటగాళ్ళు వెళ్ళిపోవడం. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. హైదరాబాదులో ఒక్క బస్సు అద్దం కూడా పగల్లేదు. పగలాలని అనను, కానీ ఒక్క ధర్నా? డిసెంబరు 13న ఉప్పల్‌కి మెస్సీ వస్తే మాత్రం స్టేడియం ఊగింది, ముఖ్యమంత్రి బూట్లు కట్టుకుని దిగారు. ఆ రోజుకి ఐఎస్‌ఎల్ సీజను మొదలే కాలేదు, లీగు నడిపే వాణిజ్య హక్కుల ఒప్పందం ముగిసి అయిదు రోజులైంది.

2025 నవంబరు 18న మనం ఢాకాలో బంగ్లాదేశ్ మీద 1–0తో ఓడిపోయాం. అదే రోజు కురసావ్ అనే దీవి ప్రపంచ కప్‌కి అర్హత సాధించింది. జనాభా లక్షన్నర, దాదాపు మా భీమవరం పట్టణమంత. వాళ్ళ ఆటగాళ్ళలో ఎక్కువమంది నెదర్లాండ్స్‌లో పుట్టి పెరిగినవాళ్ళే, మనకి ఆ వెసులుబాటు లేదు, నిజమే. అయినా ఆ పోలిక నన్ను వదల్లేదు. భీమవరమంత ఊరు!

మా ఊళ్ళో సార్వా కోతలయ్యాక, దాళ్వా నాట్లు పడేలోపు ఒక మూడు వారాలు చేను ఖాళీగా ఉంటుంది. సరుగుడు వాసాలు నాలుగు పాతి, వరి మోళ్ళు కాళ్ళకి గుచ్చుకోకుండా పారతో చెక్కుకుని ఆడతాం. బంతి పంటకాలువలో పడితే కొట్టినవాడే దిగాలి, అది రూలు. మొన్న సంక్రాంతికి ఆట అయ్యాక చేను గలాయన గట్టు మీదికి వచ్చాడు.

“వచ్చేడు చెరువుకి లీజుకిచ్చేశానండి. వాసాలు పీక్కుపోండి.”

“సుంకాల దెబ్బ చూశాక కూడానా?”

“రొయ్య పోతే చేపండి. వరికి ఏమొస్తందండీ?”

ఎకరానికి ఎంతిస్తున్నారని అడిగాను. చెప్పాడు. నేనైనా ఇచ్చేసేవాణ్ణే. వాసాలు మా పశువుల పాకలో పడున్నాయి.