పాటను కౌలుకివ్వండి, రాసివ్వకండి

సొంతంగా పాట కట్టుకుని, తలా కొంత వేసుకుని రికార్డు చేసుకున్న కుర్రాళ్లకి వెబ్ సిరీస్ వాళ్ల నుంచి 'మీ పాట వాడుకుంటాం' అని ఫోనొస్తే కలిగే సంతోషం చిన్నది కాదు. విజయవాడలో, గుంటూరులో బ్యాండ్లు కడుతున్న పిల్లలందరికీ ఆ ఫోన్ రావాలనే కోరుకుంటాను. నా భయమల్లా ఆ వెనకే వచ్చే కాగితం గురించి.

'శాశ్వతంగా, విశ్వమంతటా' అన్న మాటలు ఆ ఒప్పందాల్లో తరచుగా కనిపిస్తాయి. హక్కులన్నీ బదలాయిస్తూ దానిమీద సంతకం పెడితే పాట ఒక సన్నివేశానికి వెళ్లడంతో ఆగదు, చేజారిపోతుంది. రేపు అదే పాటను మీ సొంత యూట్యూబ్ చానెల్లో పెట్టుకున్నా కాపీరైట్ క్లెయిమ్ మీ మీదికే రావచ్చు.

గుంటూరు జిల్లా రైతుకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. మిర్చి వేసుకుంటానన్నవాడికి పొలం కౌలుకిస్తారు. ఎకరాకి ఇంత, ఇన్నాళ్లు అని మాట్లాడుకుంటారు. అంతేగాని పొలం రిజిస్ట్రేషన్ చేసివ్వరు కదా! విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్లు తరతరాలుగా చేసిన వ్యాపారమూ ఇలాంటిదే. కృష్ణా ఏరియా, గుంటూరు ఏరియా, ఇన్నేళ్ల హక్కులు. తన సినిమాను ఏరియాల వారీగా, గడువు పెట్టి ఇచ్చే నిర్మాతకి బ్యాండ్ తన పాటను గడువే లేకుండా ఎందుకివ్వాలి?

పాటలో రెండు ఆస్తులున్నాయి. సాహిత్యం, బాణీ ఒకవైపు. స్టూడియోలో తయారైన అసలు రికార్డింగ్, అంటే మాస్టర్, ఇంకోవైపు. సినిమాహాలు బయట జరిగే వాడకంలో హక్కులు తీసుకున్నవాళ్లతో సమానంగా కవికీ, స్వరకర్తకీ రాయల్టీ దక్కాలని 2012 కాపీరైట్ సవరణ చెప్పింది. దాన్ని వదులుకుంటూ సంతకం పెట్టినా చెల్లదు. మాస్టర్‌కి ఆ కాపలా లేదు. సొంత డబ్బుతో స్టూడియోకెళ్లిన బ్యాండ్ చేతిలో ఉన్న అసలు బలం ఆ మాస్టరే. ఒప్పందంలో గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని కూడా చట్టంలో ఉంది. అందుకే అవతలి లాయర్లు ఆ రెండూ రాయకుండా వదలరు.

సినిమాతో బ్యాండ్‌వాళ్లకి దారులు తెరుచుకుంటాయన్నది నిజమే. చౌరస్తా బ్యాండ్ నుంచి వచ్చిన రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడారు, 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాటకి బాణీ కట్టారు. ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ 'బ్లాక్ ఫ్రైడే'కి సంగీతమిచ్చింది. కానీ అవి సినిమా కోసం ఒప్పుకుని చేసిన పనులు. ముందే పుట్టి, జనంలో తిరుగుతున్న పాట సంగతి వేరు. సినిమా అండ లేకుండానే పాట బతుకుతుందని ఆకాశవాణి లలిత గీతాలతో దశాబ్దాల పాటు విన్న ఊరు విజయవాడ. ఆ పాటకి రేపు ఇంకో సీరియలూ రావచ్చు, ఇంకో సినిమా రావచ్చు.

కాబట్టి ఈ సిరీస్‌కి మాత్రమే, ఇన్నేళ్లకి మాత్రమే అని రాయించుకోండి. ఇంకొకరికి ఇచ్చే హక్కు మీదేనని కూడా రాయించండి. డబ్బు కాస్త తగ్గినా ఫర్వాలేదు. ప్రసారంలో వాడిన పాటల వివరాలుండే క్యూ షీట్‌ను నింపేది ప్రొడక్షన్ వాళ్లు. అందులో మీ పేర్లు తప్పుపడితే రాయల్టీలు వసూలు చేసి కవులకీ, స్వరకర్తలకీ పంచే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వమున్నా రాయల్టీ మీదాకా రావడం కష్టం. ఆ షీట్ కాపీ మీకు పంపాలన్న షరతు సంతకానికి ముందే అడగండి.