కడప బండను చూపించి సముద్రగర్భం అంటే ఎట్లా?

"రాయలసీమ ఒకప్పుడు సముద్రగర్భం. నీళ్లు ఎండిపోయి నేలైంది. సముద్రం కింద ఉండేదీ మన కాళ్ల కింద ఉండేదీ ఒకటే రాయి, భూమ్మీద అన్నిటికన్నా పాతరాయి. నమ్మకపోతే బెలుం గుహలు చూడండి, వెయ్యి అడుగుల బోర్లలో వచ్చే ఉప్పునీళ్లు చూడండి." కడప, అనంతపురం గ్రూపుల్లో ఇప్పుడు ఇదే తిరుగుతోంది.

సముద్రం ఉండిందన్నది నిజమే. బెలుం గుహలున్నది సున్నపురాయిలో, ఎర్రగుంట్ల నాపరాయి కూడా ఆ జాతిదే, రెండూ సముద్రంలో పొరలుపొరలుగా పేరుకున్నవే. కానీ ఎంత లోతు సముద్రం? వేంపల్లె రాళ్లలో గుమ్మటాల్లాంటి సన్నని పొరలు కనిపిస్తాయి చూడండి, అవి దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట సూక్ష్మజీవులు కట్టినవి, వాటికి ఎండ కావాలి. నాలుగు కిలోమీటర్ల లోతున ఎండ ఎక్కడిది? అంటే ఖండం మీదికి ఎక్కి నిలిచిన లోతులేని నీళ్లన్నమాట. ఆ పొరల కింద ఉన్నది కూడా గ్రానైటే. అనంతపురం నుంచి తాడిపత్రి వైపు వస్తుంటే గ్రానైట్ గుట్టలు పోయి పొరల రాళ్లు మొదలయ్యేది మీరే చూడొచ్చు.

ఇక "ఒకటే రాయి" అన్న మాట. అసలు సముద్రాల అడుగున ఉండేది బసాల్ట్, గాబ్రో అనే బరువైన నల్లరాళ్లు. మందం 6, 7 కిలోమీటర్లే, సాంద్రత నీటికి 3 రెట్ల దాకా ఉంటుంది. ఖండాల పటలం (భూమి పైనుండే గట్టి రాతిపొర) ఎక్కువగా గ్రానైట్ లాంటిది, సాంద్రత 2.7 రెట్లు, మందం మామూలుగా 35-40 కిలోమీటర్లు, హిమాలయాల కింద 70 దాకా. తేలిగ్గా, మందంగా ఉండేది పైకి తేలుతుంది, పలచగా బరువుగా ఉండేది కిందికి కూర్చుంటుంది, ఆ పల్లంలోకి నీళ్లు చేరాయి. మెసేజ్ రాసినాయన దీన్ని తలకిందులు చేశాడు. నీళ్లన్నీ తోడేసినా సగటున 3,700 మీటర్ల గొయ్యి గొయ్యిగానే ఉంటుంది, అనంతపురం కాదు. (నల్లరాయి కనపడగానే సముద్రపు అడుగు అనడం కూడా తప్పే, దక్కన్ బసాల్ట్ పొంగింది ఖండం మీదే.)

పాతరాయి సంగతైతే పూర్తిగా రివర్స్. సముద్రపు అడుగు దాదాపు అంతా 20 కోట్ల ఏళ్ల లోపుదే, ఎందుకంటే అది సముద్రాల మధ్య అడుగున ఉండే పొడవాటి గట్ల దగ్గర పుడుతూ, అండమాన్-సుమత్రా లాంటి చోట్ల తిరిగి లోపలికి దిగిపోతూ ఉంటుంది. మన గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్ల చుట్టుపక్కల. వానలు పడగానే జనం వెతుక్కునే వజ్రకరూరు వజ్రాలు కూడా దీనికి సాక్ష్యమే. అవి 150 కిలోమీటర్లకు పైగా లోతున తయారవుతాయి, దానికి పాత ఖండాల కింద వేరులా లోతుకు దిగి ఉండే మందమైన, చల్లని రాతిభాగం కావాలి. పలచటి సముద్రపు అడుగు కింద అది దొరకదు.

బోరు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెయ్యి అడుగులంటే 300 మీటర్లు. రష్యాలో కోలా దగ్గర 12,262 మీటర్లు తవ్వినా పటలం అడుగు తగల్లేదు. ఇక ఆ ఉప్పుకు సముద్రమే అక్కర్లేదు, వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న చోట రాళ్లలోంచి కరిగిన లవణాలు నీళ్లలోనే పేరుకుంటాయి. మన నీళ్లలో ఫ్లోరైడ్ టెన్షన్ కూడా ఆ గ్రానైట్ నుంచి వచ్చిందే.