మాస్‌ని వదిలేసిన డాలస్: బావా బావమరదుల వాదోపవాదం

అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మామూలుగా ఏటా ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ జరుగుతుంది. 32 జట్లు ఏడు రౌండ్లలో వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకుంటాయి. ఒక్కో వంతుని పిక్ అంటారు. కిందటేడు బాగా ఓడినవాళ్ళకి ముందు వంతు. ఆటలో మొనగాడు, నడవడికలో మచ్చ. అలాంటివాణ్ణి ఏ వంతులో తీసుకోవాలి, అసలు తీసుకోవాలా? డాలస్ కౌబాయ్స్ జట్టు ఆఫీసు ఉన్న ఫ్రిస్కోలో తెలుగిళ్ళకి కొదవ లేదు కాబట్టి ఈ వాదన అక్కడి ఒక బావ, ఆయన బావమరిది శ్రీను నోట పెట్టాను. నా మొగ్గు బావ వైపే. శ్రీను ప్రశ్నల్లో ఒకటి రెంటికి మాత్రం నా దగ్గరా పూర్తి జవాబు లేదు.

శ్రీను: బావగారూ, 1998 ఒక్కటి చాలు. డాలస్‌ది ఎనిమిదో పిక్. పాసులు అందుకునే రిసీవర్ రాండీ మాస్ ఇంకా మిగిలే ఉన్నాడు. హైస్కూల్లో కొట్లాట కేసు, నోటర్ డేమ్‌లో సీటు పోవడం, గంజాయి పరీక్షలో దొరికాక ఫ్లోరిడా స్టేట్ వాళ్ళు గెంటేయడం, చివరికి మార్షల్ కాలేజీ. ఇవన్నీ చూసి మనవాళ్ళు గ్రెగ్ ఎలిస్‌ని తీసుకున్నారు. మాస్ 21దాకా జారి మిన్నెసోటాకి వెళ్ళాడు. ఆ ఏడే థాంక్స్‌గివింగ్ నాడు డాలస్‌కే వచ్చాడు. మూడు క్యాచ్‌లు, 163 యార్డులు, మూడూ టచ్‌డౌన్లే, అంటే బంతిని ఎదుటివాళ్ళ గీత దాటించినవే. పేరులోనే మాస్ ఉన్నవాణ్ణి వదులుకుంటే అంతే మరి.

బావ: ఎలిస్ ఏం పాపం చేశాడు? డాలస్‌కి 11 సీజన్లు ఆడాడు, 2007లో మేటి ఆటగాళ్ళ ప్రో బౌల్‌కి వెళ్ళాడు.

శ్రీను: పాపం చెయ్యలేదు, దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో మాత్రం లేడు. మాస్ ఉన్నాడు.

బావ: ఎనిమిదో పిక్‌లో 11 ఏళ్ళు నిలబడినవాడు దొరికితే ఏ జట్టయినా కళ్ళకద్దుకుంటుంది. రెండో కాంట్రాక్టు మొహమే చూడనివాళ్ళున్నారు.

శ్రీను: ఎలిస్‌ని ఎవరన్నారండీ! నేనంటున్నది మాస్‌ని ఎందుకు వదిలారని.

బావ: అన్నావు కనకే అడిగాను. సరే, అదే 1998. రెండో పిక్ ఎవరు? రయన్ లీఫ్, క్వార్టర్‌బ్యాక్, అంటే పాసులు విసిరి ఆట నడిపేవాడు. మొదటి పిక్‌కి పేటన్ మానింగా, లీఫా అని కుర్రాళ్ళని తూచి చూసే స్కౌట్లే రెండు వర్గాలయ్యారు. మూడో వంతు నుంచి రెండో వంతుకి ఒక్క మెట్టు ఎక్కడానికి శాన్ డియేగో తన మూడో పిక్‌తోపాటు మరుసటి ఏడాది మొదటి రౌండు పిక్, ఒక రెండో రౌండు పిక్, ఇద్దరు ఆటగాళ్ళని ఇచ్చింది. లీఫ్ తన మూడో మ్యాచ్‌లో కాన్సస్ సిటీ మీద 15 పాసులు విసిరితే ఒక్కటి అందింది. నాలుగు యార్డులు. ఆ సీజన్‌లో 2 టచ్‌డౌన్లు, ఎదుటివాళ్ళు పట్టేసిన పాసులు (ఇంటర్‌సెప్షన్లు) 15. చెయ్యి బ్రహ్మాండం. ఆ చేతిని మోసే మనిషే లేడు.

శ్రీను: ఇక్కడే దొరికారు. డ్రాఫ్ట్ నాటికి లీఫ్ మీద పోలీసు కేసుందా? లేదు. మాస్ మీద ఉంది. మీ క్యారెక్టర్ జల్లెడ పట్టుకుని 1998లో కూర్చుంటే మాస్ రాలిపోతాడు, లీఫ్ మిగులుతాడు. సరిగ్గా తలకిందులు!

బావ: ఆ జల్లెడ నీది, నాది కాదు. మన ఊళ్ళో "వాడికి క్యారెక్టర్ లేదు" అంటే తాగుడో, ఆడవాళ్ళ గొడవో అనుకుంటాం. స్కౌట్ రాసే క్యారెక్టర్ వేరు.

శ్రీను: అదే గొడవ. ఒక మాటకి రెండర్థాలు పెట్టి, ఎప్పుడు ఏది కావాలంటే అది వాడుకుంటారు. ఓడినవాడికి క్యారెక్టర్ లేదు, గెలిచినవాడు మారాడు!

బావ: ఆ దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను. అందుకే రెంటినీ విడదీయాలి. ఆట వరకు చూసే క్యారెక్టర్ ఒకటి: టైముకి వస్తాడా, వీడియో చూస్తాడా, తప్పు తనదంటాడా. దీన్ని టాలెంట్‌కి ఎదురు పెట్టడమే తప్పు, ఇది టాలెంట్‌లో భాగం. క్వార్టర్‌బ్యాక్‌కైతే సగం పైనే. దీన్ని కనుక్కోవడం పోలీసు రికార్డు తిరగెయ్యడం కాదు. స్కౌట్ కాలేజీకి వెళ్ళి హెడ్ కోచ్‌ని అడిగితే లాభం లేదు, తన కుర్రాడు ఎంత పైన వెళ్తే ఆయనకంత పేరు. దెబ్బలకి కట్టు కట్టే ట్రైనర్‌ని అడగాలి: చికిత్సకి పొద్దున ఆరింటికి రమ్మంటే ఎన్నింటికి వస్తాడు? వెయిట్ రూమ్ కోచ్‌ని అడగాలి: నువ్వు అటు తిరిగితే ఆఖరి రెండు రెప్స్ ఎగ్గొడతాడా? బట్టలు, హెల్మెట్లు చూసుకునేవాణ్ణి అడగాలి: నీ పేరు వాడికి తెలుసా? ముగ్గురూ ఒకే మాటంటేనే రాసుకోవాలి. ఒక్కడే అంటే అది వాళ్ళిద్దరి మధ్య గొడవ కావచ్చు.

తర్వాత ఇండియానాపోలిస్‌లో కంబైన్, డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్ళని పరీక్షించే శిబిరం. అక్కడ ఒక్కో జట్టుకి 45 ఇంటర్వ్యూలు, మనిషికి 18 నిమిషాలు. "నీ బలహీనత ఏమిటి" అని అడిగితే ఏజెంటు జనవరి నుంచీ వల్లె వేయించిన జవాబే వస్తుంది. అదొద్దు. వాడు చెడగొట్టిన ఆటే తెరమీద వేసి, ఇక్కడేమైంది అనాలి. "రిసీవర్ తప్పు దారిలో పరిగెత్తాడు" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టాలి. ఆపైన మూడు ప్లేలు, అంటే ఆట ఎత్తులు, బోర్డు మీద గీసి చెప్పి, తుడిచేసి, కాసేపు ఇంకేదో మాట్లాడి, మార్కర్ వాడి చేతికివ్వాలి. గీస్తాడా? ఎదుటి జట్టు రక్షణ వరస రెండు అడుగులు జరిగితే ఏం మారుతుందో చెప్తాడా? 12 నిమిషాల్లో 50 ప్రశ్నల వండర్లిక్ పరీక్షని 2022లో కంబైన్ నుంచి తీసేశారు, మంచిదైంది. ఈ మార్కర్ చెప్పేది అది ఎప్పుడూ చెప్పలేదు.

శ్రీను: ఇంటర్వ్యూల గొప్ప నాకు చెప్పకండి. 2010లో డెజ్ బ్రయంట్‌ని ఒక జట్టు జనరల్ మేనేజర్ వాళ్ళమ్మ గురించి అడగకూడనిది అడిగి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. అదా క్యారెక్టర్ పరీక్ష? డబ్బున్న ఇంట్లో పుట్టినవాడి తప్పులకి అమ్మానాన్నా లాయరుంటాడు, లేనివాడి తప్పులు ఫైల్లో ఎర్రచుక్కలవుతాయి. డెజ్ 24దాకా జారాడు, మనకి దొరికాడు. 2016లో లారెమీ టన్‌సిల్. డ్రాఫ్ట్ మొదలవబోతుంటే గ్యాస్ మాస్క్‌లో పొగ పీలుస్తున్న వీడియో వాడి ఖాతాలోంచే ఎవరో బయటపెట్టారు. పదమూడో వంతుకి మయామీకి వచ్చాడు. మూడేళ్ళాడించి, 2019లో ఇంకో ఆటగాడితో కలిపి హ్యూస్టన్‌కి ఇస్తే రెండు మొదటి రౌండ్లు, ఒక రెండో రౌండు వచ్చాయి. భయపడినవాళ్ళు ఏం ఏరుకున్నారు?

బావ: టన్‌సిల్ విషయంలో భయపడినవాళ్ళది తప్పే. ఒక వీడియో సమాచారం కాదు, కంగారు. కానీ 2015లో డాలస్ తీసుకున్న రాండీ గ్రెగరీ?

శ్రీను: గంజాయే కదా! ఆటగాళ్ళతో 2020 ఒప్పందంలో లీగే దిగొచ్చింది. పరీక్షలో దొరికినట్టు లెక్కేసే హద్దు 35 నానోగ్రాముల నుంచి 150కి పెంచారు, దొరికినా సస్పెన్షన్ లేదన్నారు. రూలు మారితే మాయమయ్యేదాన్ని క్యారెక్టర్ అంటారా?

బావ: 2015 రూలుతో ఆడాల్సినవాడు 2015 రూలే చూసుకోవాలి. కంబైన్‌లో పరీక్ష ఉంటుందని కుర్రాళ్ళందరికీ నెలల ముందే తెలుసు. తేదీ తెలిసిన పరీక్షలో తప్పాడు. మొదటి రౌండు సరుకు 60వ పిక్‌కి దొరికిందని డాలస్ ఎగిరి గంతేసింది. 2017లో ఒక్క మ్యాచ్ ఆడలేదు, 2019లో ఒక్కటి ఆడలేదు.

శ్రీను: తేదీ తెలిసీ మానలేకపోతే అది క్యారెక్టరా, జబ్బా?

బావ: ...అది నేను తేల్చలేను. జట్టు డాక్టరు తేల్చాలి. ఆదివారం మైదానంలో ఉంటాడా లేడా అన్నదే నా లెక్క.

శ్రీను: లెక్కంటే ఇంకోటి వినండి. 2010లో మొదటి పిక్ సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్ళకి 78 మిలియన్ డాలర్లు, అందులో 50 గ్యారంటీ. మరుసటి ఏడు కొత్త జీతాల పట్టిక వచ్చింది. ఆ ఏడు మొదటి పిక్ కామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకి 22. తప్పు చేస్తే కట్టే జరిమానా అంత తగ్గాక ఇంకా భయమేమిటి?

బావ: డబ్బు చవకైంది, పిక్ కాలేదు. 1996లో రామ్స్ జట్టువాళ్ళు ఆరో పిక్‌కి లారెన్స్ ఫిలిప్స్‌ని తీసుకున్నారు. మాజీ స్నేహితురాలిని కొట్టిన సంగతి దేశమంతా తెలుసు. వాడికి చోటు చెయ్యడానికి అదే రోజు జెరోమ్ బెటిస్‌ని పిట్స్‌బర్గ్‌కి ఇచ్చేశారు. ఫిలిప్స్‌ని 1997 నవంబరులో తీసేశారు, బెటిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు. పోయింది జీతమా? 2014లో మన ఓనరు 16వ పిక్‌కి జానీ మాంజెల్‌ని తెచ్చుకోవాలని ఉబలాటపడ్డాడు. వద్దని ఆపి జాక్ మార్టిన్‌ని తీసుకున్నారు. మార్టిన్ తొమ్మిది ప్రో బౌల్స్‌కి ఎంపికయ్యాడు. మాంజెల్‌ని క్లీవ్‌లాండ్ రెండేళ్ళలో వదిలేసింది.

నా పద్ధతి విను. జిమ్మీ జాన్సన్ డాలస్‌లో కోచ్‌గా ఉన్నప్పటి, ఒక్కో పిక్ విలువ ఎంతో చెప్పే పట్టికుంది కదా, మొదటి పిక్ 3000 పాయింట్లు, ఎనిమిదోది 1400, అరవయ్యోది 300. గంజాయి, క్లాసులు ఎగ్గొట్టడం, నోటి దురుసు లాంటివాటికి ధర తగ్గించు. గ్రెగరీ 300కి సరే, 1400కి కాదు. బద్ధకానికి ధర కాదు, మార్కులే తగ్గించు, అది ఆటలోనే లోపం. మనిషిని కొట్టేవాడికి మాత్రం ధరే లేదు, వాడి పేరున్న చీటీ డ్రాఫ్ట్ బోర్డు మీంచి తీసెయ్యి. ఎందుకంటే చవక పిక్ చవగ్గా ఉండిపోదు. ఆరన్ హెర్నాండెజ్ 113వ పిక్. బాగా ఆడాడు కాబట్టి 2012లో 40 మిలియన్ల పొడిగింపు ఇవ్వాల్సొచ్చింది. 2013 జూన్‌లో హత్య కేసులో అరెస్టు.

శ్రీను: చీటీ తీసేస్తారన్నమాట. అయితే 2016, ఐదో రౌండు, 165వ పిక్. మీ పట్టికలో దాదాపు పాతిక పాయింట్లే. టైరీక్ హిల్. గర్భవతిగా ఉన్న స్నేహితురాలిని కొట్టి గొంతు నులిమిన కేసులో నేరం ఒప్పుకున్నవాడు. కాన్సస్ సిటీ తీసుకుంది. 2020 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచింది. 2022లో వాణ్ణి మయామీకి ఇస్తే ఐదు పిక్కులొచ్చాయి. వాణ్ణి తీసుకుంటారా?

బావ: తీసుకోను.

శ్రీను: కప్పు రాదు.

బావ: రాకపోవచ్చు.

శ్రీను: ఆ మాట గదిలో ఓనరు ముందు అనగలరా?

బావ: డ్రాఫ్ట్ రోజు అనలేను. ఐదో రౌండులో ఒక్కో పిక్‌కి గడియారం ఐదు నిమిషాలే. అప్పుడు మొదలెడితే 165 దాటేలోపు నువ్వే గెలుస్తావు. ఆ చీటీ ఫిబ్రవరిలోనే పీకెయ్యాలి.