సిట్టింగుకింత వాటా... మోసేది రోగే

2025 సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఒక లేఖ రాసింది. ఫిజియోథెరపిస్టులు పేరు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోకూడదని దాని సారాంశం. మర్నాడే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ లేఖ మీద జరిగిన రచ్చలో పదోవంతైనా ఫిజియోలకూ డాక్టర్లకూ మధ్య నడిచే డబ్బు లెక్కల మీద జరిగి ఉంటే రోగులకు ఎంతో కొంత మేలు జరిగేది. బోర్డు మీద ఏమని రాసుకున్నారన్నది నాకు పెద్ద విషయం కాదు. గల్లాపెట్టె ఎవరి చేతిలో ఉంది, దాంట్లోంచి ఎవరికెంత పోతోంది అన్నది చూడాలి.

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల లాంటి ఊళ్లలో చాలాచోట్ల ఏర్పాటు ఇలా ఉంటుంది. కింద ఎముకల డాక్టరు ఓపీ. పై అంతస్తులోనో సెల్లార్‌లోనో ఫిజియోథెరపీ గది. రెండు మంచాలు, నడుము లాగే ట్రాక్షన్, ఒంట్లోకి సన్నటి కరెంటు పంపే ఐఎఫ్‌టీ మిషను, అల్ట్రాసౌండ్ మిషను, గోడకు భుజం తిప్పే చక్రం. డాక్టరు చిట్టీ మీద పది సిట్టింగులని రాస్తాడు, రోగి మెట్లెక్కుతాడు. నెలాఖరున రిజిస్టరు తీసి కూడిక వేసి, అనుకున్న శాతం ప్రకారం పంచుకుంటారు. కాగితం మీద సంతకాలుండవు. దీన్నే ‘పార్ట్‌నర్‌షిప్’ అంటున్నారు.

నేను దీనికి వ్యతిరేకిని. డాక్టరూ ఫిజియో కలిసి పనిచేయాల్సిందే. తాను పంపే రోగి మీద, ఆ రోగి చేయించుకునే ఒక్కో సిట్టింగు మీద డాక్టరుకు వాటా ఉండకూడదు. రోగిని ఇంకొకరి దగ్గరికి పంపినందుకు ప్రతిఫలంగా కమీషన్ గానీ కానుక గానీ డాక్టరు ఇవ్వకూడదు, అడగకూడదు, పుచ్చుకోకూడదని భారత వైద్య మండలి 2002 నియమావళి తేటతెల్లంగా చెబుతోంది. 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నియమావళిని అదే నెలలో పక్కనపెట్టారు కాబట్టి ఇప్పటికీ నడిచేది పాతదే.

ఫిజియోథెరపీలో గెలుపంటే రోగికి మళ్లీ రావాల్సిన అవసరం పడకపోవడం. మోకాళ్లు అరిగిన ఒక పెద్దమ్మ వచ్చిందనుకుందాం. మంచి ఫిజియో ఆమెను మంచం మీద పడుకోబెట్టి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, ‘దాన్ని కిందికి నొక్కు, పది లెక్కపెట్టు, ఇగ వదులు’ అంటాడు. తొడ కండరం బిగుస్తోందో లేదో చెయ్యి పెట్టి చూస్తాడు. ఆమె ఊపిరి బిగబడితే ఆపి, మళ్లీ చేయిస్తాడు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, మెట్టు ఎక్కి దిగడం నేర్పిస్తాడు. రెండు మూడు సార్లలో అవన్నీ ఆమెకు వంటబడితే మిగతాది ఇంటి దగ్గరే. ఖరీదైన మిషనేదీ అక్కర్లేదు. అరగంట సమయం, దానికి తగిన ఓపిక కావాలి.

వాటాల లెక్కలో ఈ మంచిపనే నష్టం. సిట్టింగుకు 300 రూపాయలనుకోండి. పదింటికి బదులు మూడింటితో నయమై వెళ్లిపోతే 2,100 పోయినట్టు. సగం వాటా డాక్టరుదైతే ఆయన భాగంలో 1,050 తగ్గినట్టు. ఒక్క రోగి దగ్గర ఇది చిన్న మొత్తమే. రోజూ పదిహేను మంది మెట్లెక్కే చోట చిన్నది కాదు. డాక్టరు గద్దించనక్కర్లేదు, ‘ఈ నెల సిట్టింగులు తగ్గినయేంది?’ అని ఒక్కసారి అడిగితే చాలు. ఆ గదిలో చేతులతో చేసే పని తగ్గి మిషన్లతో చేసేది పెరుగుతుంది. ఒకే ఫిజియో నలుగురికి ఒకేసారి వైర్లు తగిలించగలడు, నలుగురి వ్యాయామం ఒకేసారి సరిదిద్దలేడు మరి. మన పల్లెల్లో ఫిజియోథెరపీకి పోయినోళ్లు ‘కరెంటు పెట్టించుకొని వచ్చిన’ అని చెప్పడం ఊరికే రాలేదు.

ఆ కరెంటు వల్ల ఒరిగేదెంత? బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ నడుము నొప్పికి ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, ఐఎఫ్‌టీ ఇవ్వొద్దని 2016లోనే చెప్పింది. కీళ్ల అరుగుదలకూ ఇలాంటి కరెంటు చికిత్సలు వద్దని 2022లో చెప్పింది. రెండింటికీ వ్యాయామం చేయించమంది.

వాటాలుంటే సిట్టింగులు పెరుగుతాయన్నది నా అనుమానం మాత్రమే కాదు. 1992లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఫ్లోరిడా రాష్ట్రం మీద ఒక అధ్యయనం వచ్చింది. డాక్టర్లకు వాటాలున్న ఫిజియోథెరపీ కేంద్రాల్లో ఒక్కో రోగికి సిట్టింగులు మిగతా చోట్ల కన్నా 39 నుంచి 45 శాతం ఎక్కువ. అర్హులైన సిబ్బంది ఒక్కో సిట్టింగులో రోగితో గడిపిన సమయం మాత్రం వాటాల్లేని కేంద్రాల్లోనే దాదాపు 60 శాతం ఎక్కువ. ఎక్కువసార్లు తిప్పించుకుని తక్కువసేపు చూశారన్నమాట. ఆ తర్వాతి ఏడాది అక్కడ, డాక్టరు తనకు వాటా ఉన్న చోటికి రోగిని పంపకుండా అడ్డుకునే స్టార్క్ చట్టాన్ని ఫిజియోథెరపీకీ విస్తరించారు. డాక్టరు సొంత క్లినిక్‌లో ఇచ్చే సేవల పేరిట ఒక సందు వదిలారు, దాన్ని మూయాలని అక్కడి ఫిజియోల సంఘం పోరాడుతూ వచ్చింది.

ఈ వాటాలను సమర్థించేవాళ్లు జాగా డాక్టరుది, మిషన్లు డాక్టరువి, రోగులు వచ్చేది ఆయన పేరు చూసి, నిన్నగాక మొన్న ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ పూర్తిచేసిన పిల్లలకు అంత పెట్టుబడి ఎక్కడిదని అడుగుతారు. ఒకే చోట అన్నీ ఉంటే రోగికీ సుఖమే అంటారు. కాదనను. అయితే జాగాకు అద్దె తీసుకోండి, మిషన్లకు నెలకింతని కట్టించుకోండి. ఐదుగురు వచ్చినా యాభై మంది వచ్చినా ఆ మొత్తం మారకూడదు. రోగి గురించి మాట్లాడుకోవడానికి ఫోను చాలు, వాటా అవసరం లేదు.

ఈ నోటిమాట భాగస్వామ్యంలో ఫిజియోకూ రక్షణ లేదు. 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం సంస్థ రిజిస్టర్ కాకపోతే, రావాల్సిన వాటా కోసం భాగస్వామి మీద దావా వేయడానికి వీల్లేదు. సంస్థను రద్దు చేసి లెక్కలు తేల్చమని మాత్రమే అడగగలరు. సంస్థ అప్పులకు మాత్రం రిజిస్టరైనా కాకున్నా భాగస్వాములందరూ బాధ్యులే. ఫిజియోలు స్వతంత్రంగానైనా బృందంలోనైనా ప్రాక్టీసు చేయవచ్చని 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం రాసిపెట్టింది. ఆ స్వాతంత్ర్యాన్ని నెలాఖరు రిజిస్టరుకు తాకట్టు పెడుతున్నారు.

ఇంతకూ ఆ మెట్లెక్కుతున్నదెవరు? వరంగల్ ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసి నడుము విరిగిన హమాలీలు. జగిత్యాల, నిజామాబాద్ వైపు పొద్దంతా తలొంచుకుని బీడీలు చుట్టి మెడలు పట్టేసిన ఆడవాళ్లు. భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు బాయిల్లో పనిచేసినోళ్లు. మోకాటిలోతు బురదలో వంగి నాట్లేసిన కూలీలు. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఉచితమే, కానీ పరకాల నుంచి హన్మకొండకు పది రోజులు తిరిగితే పది రోజుల కూలి పోతుంది. ఆ నష్టం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

ఉత్తర తెలంగాణ దేహాలు పనిలో అరిగిపోతున్నాయి. మన ప్రభుత్వాలు మాత్రం వైద్యమంటే ఆపరేషనే అనుకుంటున్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, సంతోషం. తుంటి విరిగినామెకు రాడ్ వేయించే దారి ఉంది. ఇంటికొచ్చాక ఆమెను లేపి నడిపించేదెవరు? పక్షవాతం వచ్చిన మనిషి చెయ్యి మళ్లీ అన్నం ముద్ద ఎత్తేదాకా నెలల తరబడి పట్టే చికిత్సకు చాలామంది చేతి డబ్బే పెట్టుకుంటున్నారు. పెట్టుకోలేనివాళ్లు మంచంలోనే ఉండిపోతున్నారు. వృద్ధుల కోసం 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉండాలంది. జిల్లా దగ్గర ఆగితే సరిపోదు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో, ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఫిజియో పోస్టు ఉండాలి, అది ఖాళీగా ఉండకూడదు. సర్కారు ఈ జాగా వదిలేసింది కాబట్టే మేడ మీది గది వ్యాపారం నడుస్తోంది.

అందాకా ఫిజియోలు తమలో తామే భాగస్వాములు కావచ్చు. 2008 చట్టం కింద ముగ్గురు కలిసి ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) పెట్టుకుంటే, మామూలు భాగస్వామ్యంలో లాగా కాకుండా, సంస్థ అప్పు సొంత ఆస్తి మీదికి రాదు. ఖర్చులు పంచుకుని నర్సంపేటలో, పరకాలలో, ములుగులో వంతులవారీగా కూర్చోవచ్చు. డాక్టరు లేఖ రాసి పంపితే రోగి ఎంతవరకు కోలుకున్నాడో లేఖతోనే జవాబివ్వాలి, అంతకు మించి ఏమీ చేతులు మారకూడదు. బీపీటీ పట్టాలిచ్చే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం మన వరంగల్‌లోనే ఉంది. ఒప్పందం ఎలా రాసుకోవాలో, ఏ షరతుకు ఒప్పుకోకూడదో చివరి ఏడాదిలోనే నేర్పాలి. ఇంటర్న్‌షిప్‌లో కొన్ని వారాలైనా ఏటూరునాగారం, మహదేవ్‌పూర్ లాంటి చోట్ల సర్కారు దవాఖానాల్లో వేయాలి.