గ్యాస్ సంగతి సరే, పైనున్న తోట మాటేమిటి?

కోనసీమలో గ్యాస్ బావి తవ్వే రిగ్గు ఎక్కడ దిగినా టీకొట్టు దగ్గర ఒకటే మాట: గ్యాస్ మన పొలం కింద, డబ్బులు వాళ్లకి. అమెరికాలో ఉన్న బంధువెవరో ఫోన్‌లో అక్కడ రాయల్టీ, అంటే తీసిన గ్యాస్‌పై కట్టే వాటా సొమ్ము, రైతుకే వస్తుందని చెప్పి ఇంకాస్త ఎగదోస్తారు. అమెరికా మాట నిజమే. అక్కడ పై నేల ఒకరిది, కింది ఖనిజం మరొకరిది కావచ్చు, విడివిడిగా అమ్ముకోవచ్చు కూడా.

మన దగ్గరా రైతుకు అనుకూలమైన తీర్పు ఒకటుంది. భూగర్భ సంపద మామూలుగా భూమి యజమానిదేనని, చట్టబద్ధంగా తీసేసుకుంటే తప్ప అది పోదని కేరళ భూముల కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. వాట్సాప్‌లో తిరిగేది ఈ ముక్కే. పిఠాపురం లాంటి జమీందారీల కింద ఉన్న ఊళ్ల సంగతి అందులో ఉండదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం లంకలతో పాటు గనులు, ఖనిజాలు కూడా ప్రభుత్వానికి దఖలు పరిచింది. జమీందారీ కాని ఊరైనా, లైసెన్సు, లీజు లేకుండా చమురు జోలికి పోయే వీల్లేదు. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి పోతుంది, సముద్రంలోది రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది. పట్టాదారుకు వాటా ఎక్కడా లేదు. కాబట్టి కింది గ్యాస్ కోసం వాదిస్తూ కూర్చుంటే పొద్దుపోతుందంతే.

అసలు గొడవ పడాల్సింది పై నేల గురించి.

పైపులైను పోయిన కొబ్బరి తోటలోకి వెళ్లి చూడండి. వరసలు ఒకచోట ఉన్నట్టుండి ఆగిపోతాయి. మధ్యలో ఖాళీ పట్టీ, అక్కడక్కడ హెచ్చరిక రాళ్లు, అవతల మళ్లీ చెట్లు. 1962 పైపులైన్ల చట్టం భూమిని లాక్కోదు, అందులో వాడకపు హక్కు మాత్రమే తీసుకుంటుంది. పాసు పుస్తకం రైతు పేరనే ఉంటుంది. కానీ ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెరువు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి వేసుకునే వాడికి పెద్ద తేడా ఉండకపోవచ్చు. కొబ్బరీ, రొయ్యల చెరువులే ఆధారమైన చోట మాత్రం ఈ మూడూ కాదంటే ఇక మిగిలేదేమిటి?

దీనికి పరిహారం, పంట నష్టం కాకుండా, మార్కెట్ విలువలో పది శాతం. ఎకరం యాభై లక్షలనుకుందాం, పట్టీ ఇరవై సెంట్లు. పది లక్షల నేలకు లక్ష రూపాయలు చేతిలో పెడతారు, అదీ ఒక్కసారే. పైపు ఎన్నేళ్లున్నా అద్దె లేదు. రేపు అమ్మబోతే కొనేవాడు ఆ పట్టీ చూసి బేరం తగ్గించకుండా ఉంటాడా? ఇంకో తిరకాసుంది. ఈసీలో, అంటే భూమి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. గెజిట్ ద్వారా వచ్చిన ఈ హక్కు అందులో కనపడాలనేం లేదు. డెల్టాలో తోట కొనేవాళ్లు ఈసీ ఒక్కటే చూసి అడ్వాన్సు ఇవ్వడం నా దృష్టిలో దుస్సాహసం.

ప్రమాదం సంగతి వేరే చెప్పాలా? 1995లో పాసర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇంత భరించే ఊళ్లకు గనుల ప్రాంతాల బాగు కోసం పెట్టే జిల్లా ఖనిజ నిధి అయినా ఉందా అంటే అదీ లేదు. బొగ్గు, సున్నపురాయి జిల్లాల్లో గని నడిపేవాళ్లు ఆ నిధికి డబ్బు కట్టాలి. ఆ నిధిని తెచ్చిన గనుల చట్టంలో ఖనిజం అనే నిర్వచనం నుంచే చమురు, గ్యాస్‌లను తప్పించారు. మనకు మిగిలింది కంపెనీ దయతలిచి ఇచ్చే సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బులే. రాయల్టీలో ఒక వంతు బావులున్న పంచాయతీలకే ఇవ్వాలని, పైపు పట్టీకి ఏటా అద్దె కట్టాలని మన ఎమ్మెల్యేలు, ఎంపీలు అడగాలి. కింది గ్యాస్ మాదే అనడం కంటే ఇది నెగ్గే వాదన.

చట్టం మారేలోగా రైతు చేతిలో ఉన్నది ఇరవై ఒక్క రోజుల గడువు. గెజిట్‌లో నోటిఫికేషన్ వచ్చాక ఆలోగా కాంపిటెంట్ అథారిటీకి, అంటే పైపులైన్ల చట్టం కింద నియమించిన అధికారికి, అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. వద్దు అని ఒక్క ముక్క రాస్తే లాభం లేదు. పైపును గట్టు వెంట మళ్లించమనండి, ఎన్ని చెట్లు పోతాయో, అవి ఎంత కాపు మీదున్నాయో ఫొటోలతో సహా జత చేయండి. తర్వాత పరిహారం చాలదని జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ కాగితమే పనికొస్తుంది.