ఫోటో కాదు, తేదీ కావాలి: షుగరు కాళ్ల పరీక్షలో సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పని

ఎర్రగుంట్ల పక్క మా ఊళ్లో ఇళ్ల ముందరంతా నాపరాళ్లే. పోయిన మే నెలలో మిట్టమధ్యాన్నం మా పెదనాయన చెప్పుల్లేకుండా గొడ్లకు నీళ్లు పెట్టొచ్చి పడుకున్నాడు, రాత్రి దుప్పటి తడిగా ఉందేంది అని పెద్దమ్మ చూస్తే ఎడమ కాలి కింద బొబ్బ లేచి పగిలిపోయుంది, ఆయనకేమో నొప్పే తెలీలేదు. పన్నెండేళ్ల షుగరు. ప్రతినెలా మాత్రలకు పోతాడు, బీపీ చూస్తారు, వేలు పొడిచి షుగర్ చూస్తారు, చెప్పులు విప్పమన్నోళ్లు మాత్రం ఒక్కరూ లేరు. చివరికి రెండో వేలు తీసేయాల్సొచ్చింది.

ఇది నర్సుల తప్పని నేననను. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ సర్వే లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నోళ్లు 10 కోట్ల పైమాటే, అందరి కాళ్లూ డాక్టరే చూడాలంటే అయ్యే పని కాదు, కాబట్టి నర్సు చూడాలి, ఆమెకు సాఫ్ట్‌వేర్ తోడుండాలి అంటే మంచిమాటే. కానీ ఎవర్ని కదిపినా కాలి ఫోటో తీస్తే ఏఐ చెప్పేస్తుంది అంటున్నారు, నా గొడవంతా అక్కడే. పుండు పడ్డాక ఫోటో పనికొస్తుంది, నిజమే. షుగర్‌తో స్పర్శ పోయిన కాలు ఫోటోలో మామూలు కాలులాగే ఉంటుంది కదా. ఏప్రిల్‌లో పెదనాయన కాలు ఫోటో తీసుంటే ఏం కనపడేది? మడమ పగుళ్లు, రెండు ఆనెకాయలు, అంతే.

స్పర్శ తెలియాలంటే తాకాల్సిందే. మోనోఫిలమెంట్ అని నైలాన్ పోగు ఒకటుంటుంది, 10 గ్రాముల ఒత్తిడికి వంగుతుంది, కళ్లు మూసుకోమని బొటనవేలి కింద, వేళ్ల మొదట్లో ఆనించి తగిలిందా అని అడగాలి. మనోళ్లతో ఒక చిక్కుంది, నర్సమ్మ అంత ఓపిగ్గా అడిగితే తగల్లేదని చెప్పడానికి మొహమాటం, "ఆ, తగిలిందమ్మా" అనేస్తారు. అందుకే ప్రతిచోటా మూడుసార్లలో ఒకసారి తాకకుండానే అడగమని ఐడబ్ల్యూజీడీఎఫ్ అనే షుగరు కాళ్ల అంతర్జాతీయ నిపుణుల బృందం గైడ్‌లైన్స్ చెప్తాయి. ఆ వరస ఫోనే మార్చి మార్చి చూపిస్తే నర్సుకు ఎంత తేలికో చూడండి. పైగా ఆ పోగును 10, 15 మందికి వాడాక ఒకరోజు పక్కన పెట్టాలి, 70 నుంచి 90 మందయ్యాక మార్చేయాలి, ఓపీ రద్దీలో ఈ లెక్క ఎవరికి గుర్తుంటుంది?

అన్నిటికంటే ముఖ్యం మళ్లీ ఎప్పుడు రావాలనేది. అన్నీ బాగుంటే ఏడాదికోసారి చాలు, స్పర్శ గానీ రక్తప్రసరణ గానీ తగ్గితే 6 నుంచి 12 నెలల్లో, రెండూ తగ్గినా, ఒకటి తగ్గి పాదం ఆకారం మారినా 3 నుంచి 6 నెలల్లో, స్పర్శ పోయి ఇదివరకే పుండు పడినోళ్లకు, వేలు తీసినోళ్లకు 1 నుంచి 3 నెలల్లో చూడాలి. ఇది సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి, ఈ వారం ఏ వీధిలో ఎవరి కాళ్లు చూడాలో ఆశా అక్క ఫోన్లో కనపడితే చాలు, నెట్ లేకున్నా పనిచేయాలి. ఇప్పటికే యాప్ మీద యాప్ నింపుతున్న ఏఎన్ఎంల నెత్తిన ఇంకో ముప్పై గడులు పెడితే, చెప్పులు విప్పించకుండానే టిక్కులు పడతాయి, అందుకు వాళ్లననేం లాభం.

వేలు తీశాక మా పెదనాయనను మూడు నెలలు దాటకుండా చూడాలి. ఆయన చీటీలో ఉన్న తేదీ మాత్రం ఇప్పటికీ మాత్రలకు రమ్మని రాసిందే.